ధనుర్మాసమున ద్వీపవిహారము

ధనుర్మాస మహిమ తెలియని వైష్ణవ గృహము లేదు. తిరుమలలో సైతము ఈ నెల దినములు సుప్రభాతమునకు మారుగా తిరుప్పావై పఠింపబడును. అయితే పాఠశాలలకును, కార్యాలయములకును వరుసగా నాలుగు సెలవులు దొరకునదియు ఇంచుమించు ఈ కాలముననే. ఉద్యోగముల నిమిత్తము ఊరికొకరుగా చెదరిపోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, వారి సంతానము ఒకచోట చేరవలెనన్న వేరొక సమయము చిక్కదు. కనుక తెలుగునాట కొన్ని కుటుంబములు ఈ రోజులలో అండమాను దీవులకు విహారయాత్ర సాగించుచున్నవి. వ్రతము సలుపవలసిన మాసమున విహారము తగునా యను సంశయము పెద్దల మనస్సున మెదలుట సహజము.

బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో పేర్కొన్న మాట నిజమే. దానిని పట్టుకొని వాదించువారు నేడు అరుదు. రామకార్యమునకై సాగరమును లంఘించిన హనుమంతుని నిత్యము కొలుచు ఇండ్లలో ఆ వాదము ఎంతోసేపు నిలువదు కూడ. అసలు చిక్కు వేరొకటి ఉన్నది.

ఉదాహరణకు మూడు తరముల వారు కలసి పదునాలుగుగురు బయలుదేరిన ఒక కుటుంబము ఉన్నదనుకొనవచ్చును. ప్రయాణపు మాట వచ్చినప్పుడు డెబ్బది యేండ్లు దాటిన నాయనమ్మ, "మీరు పోయి రండి నాయనా, పెరుమాళ్ళను చూచుకొనుచు నేను ఇంటనే ఉందును" అనును. కుమారులు రెండు మారులు బ్రతిమాలి, మూడవ మారు ఊరకుందురు. ఆమె వైరాగ్యమునకు మురియుదురు. అది వైరాగ్యమో, తన మడి, తన మోకాళ్ళ నొప్పి పిల్లలకు అడ్డు కారాదను మొగమాటమో విచారించిన వారు తక్కువ. ఇట్టి మాటను వెంటనే నమ్ముట నమ్మువారికి సదుపాయముగా ఉండును గదా!

ఆరాధనమూర్తి ఇల్లు కదలరాదనుటకు ఆధారము లేదు. పెట్టెలో వేంచేసిన పెరుమాళ్ళతో దేశాటనము చేసిన పెద్దలు వైష్ణవ సంప్రదాయమున ఎందరో కలరు. కావేరీ కొల్లడముల నడుమ ద్వీపమున వెలసిన శ్రీరంగనాథుని ఉత్సవమూర్తియే 14వ శతాబ్దమున దండయాత్రల వలన శ్రీరంగమును విడువవలసి వచ్చినది. వయోవృద్ధులైన పిళ్ళై లోకాచార్యులు స్వామి వెంట నడచి, మార్గమధ్యముననే పరమపదించిరి. స్వామి పలుచోట్ల తిరిగి, కొంతకాలము తిరుమలలో కొలువుండి, 1371లో శ్రీరంగమునకు మరలెను. తిరుమల ఆలయములోని రంగనాయక మండపము నేటికిని ఆ కథను గుర్తు చేయుచున్నది. ఆపత్కాలమున భక్తుల వెంట నడచిన స్వామి, మనుమల కేరింతల నడుమ పది దినములు ఉండుటకు నిరాకరించునా? నాయనమ్మయు పెరుమాళ్ళును కలసియే బయలుదేరవచ్చును.

ద్వీపము చేరిన పిదప ఆమెకు ఒక చిన్న చిక్కు ఎదురగును. అండమానులోను మన గడియారమే వాడుకలో ఉన్నది గాని, అక్కడి సూర్యుడు గడియారమును చూచి ఉదయింపడు. మార్గశీర్ష దినములలో తిరుపతిలో ఆరున్నరకు తెల్లవారగా, అక్కడ ఐదున్నర దాటిన కొలది నిమిషములకే వెలుగు వచ్చును. సాయంకాలము ఐదు గంటలు గడచుసరికి ప్రొద్దు క్రుంకును. కనుక ఇంటివద్ద నాలుగున్నరకు లేచు అలవాటుతో లేచినచో బ్రాహ్మీముహూర్తము చివరకు వచ్చియుండును. నాలుగు గంటలకే లేవవలెను. చలి లేదు, నీరు కొరుకదు. ఆ వేకువన ఆమె ఒక్కతే లేచి పాశురము అందుకొనుట, పక్క గదులలో తక్కినవారు పగలు తిరిగిన అలసటతో నిద్రించుట సాధారణముగా జరుగునది. తిరుప్పావై మాత్రము ఇందుకు భిన్నమైన పద్ధతిని చూపినది. ఆరవ పాశురము మొదలు పదునైదవ పాశురము వరకు ఆండాళ్ చేసిన పని చెలుల వాకిళ్ళ ముందు నిలిచి వారిని మేలుకొలుపుటయే. నిద్రమత్తు వదలని దానిని పరిహసించినది, బుజ్జగించినది, విడిచి మాత్రము పోలేదు.

రెండవ పాశురమున గోపికలు నేయి, పాలు, కాటుక, పూలు మానుకొందురు. ఇరువదియేడవ పాశురమున, అనగా సుమారు జనవరి 11వ తేదీన, ఆభరణములు, క్రొత్తవలువలు, నేయి ఓడునంత పాలన్నము అన్నియు తిరిగి వచ్చును. కాని ఏ ఒక్కతెకును విడిగా రావు. అందరును కూడియుండి అనుభవించుటయే అచ్చటి ఫలము. దీనిని బట్టి చూడగా భోగము వ్రతమునకు శత్రువు కాదు. ఒకరిని వెలిపెట్టి అనుభవించు భోగమే శత్రువు. ఈ సంగతిని గ్రహించుటకు అండమాను వంటి చోటు మరియొకటి లేదు. అక్కడి సెల్యులార్ జైలు 1906లో పూర్తియైనది. ఏడు భుజములతో కట్టిన ఆ కట్టడమున నేడు మూడు భుజములు మిగిలియున్నవి. ఖైదీకొక గది, ఒకరి ముఖమొకరు చూడ వీలులేని నిర్మాణము. మనుష్యుని మనుష్యుని నుండి విడదీయుటయే శిక్షగా ఎంచిన నేల అది. అట్టి చోటికి కూడియుండుటకై కుటుంబములు పోవుచున్నవి.

కూడియుందురా? ఇక్కడనే వంటయింటి మాట వచ్చును. ఆచారము గల కుటుంబము హోటళ్ళలో భుజింపజాలదు. వంటవసతి గల ఇల్లు అద్దెకు తీసికొందురు, బియ్యము, పప్పులు, ఊరగాయలు మోసికొని పోవుదురు. పెరుమాళ్ళకు నివేదింపనిది తినరాదనుట సరియే. కాని తెల్లవారుజామున పొంగలి, మధ్యాహ్నమునకు పులుసు, రాత్రికి దోసెలు చేయవలసినది ఇద్దరు కోడళ్ళు. పదునాలుగుగురికి వండి, కడిగి, సర్దుసరికి వారికి సముద్రము కనబడునది కిటికీ నుండియే. ఊరు మారినది గాని వారికి పొయ్యి మారలేదు. ఇదేమని అడిగిన, భగవత్కైంకర్యము శ్రమ కాదని సమాధానము వచ్చును. మాట గొప్పదే. దానిని చెప్పునది ఇసుక తిన్నెలపై నడచి వచ్చినవారు కావుటయే కొంత ఎబ్బెట్టు.

శ్రీమద్రామాయణమున వనవాసమునకు బయలుదేరునప్పుడు లక్ష్మణస్వామి అన్నగారితో విన్నవించినది వైష్ణవులకు కంఠస్థము. మీరు వైదేహితో కొండచరియలలో విహరింపుడు, మేలుకొనియున్నను నిదురించుచున్నను పనులన్నియు నేను చేసెదనని ఆయన ప్రార్థన. విహారము, కైంకర్యము రెండును ఒకే మాటలో ఇమిడియున్నవి. పలుగు, గంప పట్టి ముందు నడచినది లక్ష్మణుడు. పంచవటిలో మన్ను త్రవ్వి పర్ణశాల కట్టినదియు ఆయనయే. రాజకుమారుడైన ఆయన ఆ పనిని తానై అడిగి తీసికొనెను. వేరొకరికి అప్పగించి దానికి కైంకర్యమని పేరు పెట్టలేదు. భాగవతులకు దాసుడనని చెప్పుకొను గృహస్థునకు తన ఇంటనే భాగవతులు కలరు. వారి చేతి సేవను కోరుటకును, వారికి సేవ చేయగోరుటకును ఎంతో అంతరము.

వంట పురుషులకు తగదను మాట వైష్ణవుల నోట రాకూడదు. తిరుమల పోటులో గాని, శ్రీరంగము మడపళ్ళిలో గాని స్వామికి ప్రసాదములు సిద్ధము చేయునది పురుషులే. అక్కడ పవిత్రమైన గరిటె అద్దె ఇంటిలో ఎట్లు చిన్నతనమగును? పెద్దకుమారుడు ఒకపూట పులిహోర కలుపవచ్చును, చిన్నవాడు పాత్రలు తోమవచ్చును. ఎదిగిన మనుమలు కూరలు తరుగుచు నాయనమ్మ వద్ద నాలుగు పాశురములు నేర్చుకొనవచ్చును. ఆ పూట కోడళ్ళిద్దరును అత్తగారిని చెరియొక చేయి పట్టుకొని సముద్రతీరమునకు తీసికొనిపోవచ్చును. ప్రొద్దు త్వరగా క్రుంకును గనుక నాలుగు గంటలకే బయలుదేరుట మంచిది. మొదటినాడు పులిహోరలో ఉప్పు కొంచెము ఎక్కువ కావచ్చును.