ఒట్టు, లేబుల్

పాతకాలపు గ్రీకు వైద్యుల హిపోక్రటిస్ ప్రమాణం నలుగురు దేవతల పేర్లతో మొదలవుతుంది. అపోలో, ఆయన కొడుకు అస్క్లేపియస్, మనవరాళ్లు హైజియా, పనేసియా. వీళ్లు మనకి కొత్తవాళ్లేం కాదు. అపోలో అంటే హాస్పిటల్, టైరు, చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన ప్రాజెక్టు. అస్క్లేపియస్ పేరు తెలియకపోయినా, పాము చుట్టుకున్న ఆయన చేతికర్రని అంబులెన్సుల మీద చూసే ఉంటాం. హైజియా పేరు 'హైజీన్' అన్న మాటలో ఉంది. పనేసియా పేరేమో అన్ని రోగాలకీ ఒకటే మందు అనే అర్థంలో ఇంగ్లీషు మాటైపోయింది. కుటుంబం కుటుంబమంతా డిక్షనరీలోకీ సైన్‌బోర్డుల మీదికీ కాపురం మార్చేసింది.

సాఫ్ట్‌వేర్‌లో మేమేం తక్కువ తినలేదు. సర్వర్లు బాగున్నాయో లేదో కనిపెట్టి చూసే ఒక టూల్ పేరు ప్రొమీథియస్. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైంది. అసలు ప్రొమీథియస్ దేవతల దగ్గర్నుంచి నిప్పు దొంగిలించి మనుషులకిచ్చాడు. అందుకు జ్యూస్ ఆయన్ని బండకి కట్టేయించాడు. రోజూ ఒక గద్ద వచ్చి ఆయన కాలేయం తినేది, అది మళ్లీ పెరిగేది, గద్ద మళ్లీ వచ్చేది. మేం పేరు తెచ్చుకుని కాలేయాన్ని అక్కడే వదిలేశాం. అందులో తప్పేం లేదు, టూల్‌కి ఏదో ఒక పేరుండాలి కదా. కానీ పేరు తెచ్చుకుని కథని వదిలేయడం అన్నిచోట్లా ఇంత అమాయకమైన పనేనా? ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే గ్రీసు దాకా వెళ్లక్కర్లేదు, పటాన్‌చెరు చాలు.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. దేవుడి పేరు వాడటానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఒట్టు, రెండోది లేబుల్. 'పోచమ్మ తల్లి సాక్షి' అన్నవాడు తనని తాను పణంగా పెడుతున్నాడు. మాట తప్పితే ఆ తల్లే తనని అడుగుతుందని ఒప్పుకుంటున్నాడు. హిపోక్రటిస్ ప్రమాణం ముగింపు కూడా అలాంటిదే. మాట నిలుపుకుంటే నాకు మంచి పేరు రావాలి, తప్పితే దానికి వ్యతిరేకం జరగాలి అని చెప్పించి గానీ వదలదు. లేబుల్‌కి అలాంటి చివరి వాక్యం ఉండదు. దేవుడి గౌరవం సరుక్కి అంటుకుంటుంది, దేవుడికి చెప్పాల్సిన జవాబు ఎవరికీ అంటుకోదు.

ఇప్పుడు ఆ అక్కచెల్లెళ్లిద్దర్నీ చూడండి. పనేసియా పని, వచ్చిన జబ్బు నయం చేయడం. హైజియా పని, జబ్బు రాకుండా ఆరోగ్యాన్ని కాపాడటం. ఆవిడ విగ్రహాల్లో చేతిలో గిన్నె, ఆ గిన్నె దగ్గర ఒక పాము ఉంటాయి. ఆ గిన్నే చాలా దేశాల్లో మందుల షాపుల గుర్తు అయింది. ప్రమాణం ఇద్దర్నీ పక్కపక్కనే సాక్షులుగా నిలబెట్టింది. ఒకరి పని చేసి రెండో ఆవిడని మర్చిపోతే ఒట్టు సగం తప్పినట్టే.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం. 1970ల నుంచి ఈ ఊళ్ల చుట్టూ ఫ్యాక్టరీలు పెరుగుతూ వచ్చాయి. వాటిలో బల్క్ డ్రగ్ యూనిట్లు చాలా ఉన్నాయి. బల్క్ డ్రగ్ అంటే మాత్రలో పనిచేసే అసలు మందు. ఇక్కడ తయారైన మందు డ్రమ్ముల్లో దేశదేశాలకు వెళ్లి మాత్రలవుతుంది. అవి చవకగా దొరకబట్టి బతికినవాళ్లు ఎందరో. ఇది పనేసియా పనే. వెటకారానికి అనడం లేదు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పటాన్‌చెరులో సుమారు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు ఉంది. శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లని వాళ్లు పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వాడుతున్న పేషెంటు రక్తంలో కూడా అంత ఉండదు. కొన్ని బాక్టీరియాలకు విషమయ్యే మోతాదుకి అది వెయ్యి రెట్ల పైమాట. అప్పటిదాకా ప్రపంచంలో ఏ వ్యర్థజలాల్లోనూ ఇంత మందు ఉన్నట్టు నమోదు కాలేదు. ఆ నీళ్లు కలిసేది వాగుల్లో. ఇసకవాగు నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. అలాంటి నీళ్లలో చావకుండా మిగిలే బాక్టీరియా, మందుకు లొంగని బాక్టీరియా. జబ్బుని చంపాల్సిన మందే జబ్బుకి తట్టుకోవడం నేర్పుతుందన్నమాట. తర్వాత పైపులైన్ వేసి ఆ నీళ్లని అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి మళ్లించారు. అక్కడి నుంచి అవి చేరేది మూసీకి.

'పేరు గొప్ప, ఊరు దిబ్బ' అనే సామెతని మనం డాంబికుల మీద వాడతాం. ఇక్కడ అది అక్షరాలా నిజమైంది. పనేసియా పేరు గొప్పగా వెలుగుతోంది. చెరువుని పేరులోనే పెట్టుకున్న ఊరు నీళ్ల కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. 1990లో సుప్రీం కోర్టుకు చేరిన కేసు తర్వాత హైకోర్టుకి, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఈ కాలుష్యం మీద పోరాడారు. క్లినిక్‌లో మందు రాసిచ్చి ఊరుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆయన జబ్బు వెనకున్న నీళ్ల దాకా వెళ్లారు. హైజియా పేరు ఎత్తకుండానే ఆవిడ పని చేయడమంటే ఇదే.

పాతవాళ్ల దేవతలు మన లేబుళ్లంత ఏకముఖంగా ఉండేవాళ్లు కాదు. ఇలియడ్ మొదట్లోనే, తన పూజారిని అవమానించారని అపోలో గ్రీకు సైన్యం మీద బాణాలతో మహమ్మారిని కురిపిస్తాడు. ఆయన్ని శాంతింపజేస్తేనే అది ఆగుతుంది. రోగం పంపేదీ తీసేదీ ఒకే చెయ్యి. పోచమ్మ తెలిసిన మనకి ఇది వింతేం కాదు. ఒంటి మీద పొక్కులు లేస్తే 'అమ్మవారు పోసింది' అంటాం, తగ్గించమని ఆ అమ్మకే మొక్కుతాం. ఫార్మసీ అన్న మాటకి మూలమైన 'ఫార్మకాన్'కి గ్రీకులో మందు, విషం రెండూ అర్థాలే. నయం చేసే శక్తి ఉన్నచోట చెరిచే శక్తి కూడా ఉంటుందని వాళ్ల కథలకీ తెలుసు, మన మొక్కులకీ తెలుసు. లేబుల్ మాత్రం నవ్వే ముఖాన్ని ఉంచుకుని రెండో ముఖాన్ని కత్తిరించేసింది.

అస్క్లేపియస్ కథ చివర కూడా అలాగే రాలిపోయింది. చచ్చినవాణ్ణి బతికించినందుకు జ్యూస్ పిడుగుతో ఆయన్ని చంపేశాడంటారు. ఆ పనికి ఆయన్ని ఒప్పించింది చేతిలో మెరిసిన బంగారం అంటాడు పిండార్ అనే కవి. దేవుడి కొడుకైనా సరే, డబ్బు దగ్గర హద్దు దాటితే లెక్క చెప్పాల్సిందే. పాము చుట్టుకున్న కర్ర మన దాకా వచ్చింది, పిడుగు రాలేదు.

గ్రీకు పేర్లు మనకెందుకు, మన పేర్లు లేవా అనొచ్చు. 2022లో హిపోక్రటిస్ ప్రమాణం బదులు చరక శపథం చేయించాలన్న సూచన మీద వైద్య కళాశాలల్లో పెద్ద గొడవే అయింది. నాకు ఆ గొడవలో అసలు ప్రశ్న తప్పిపోయినట్టు అనిపించింది. ఎవరి పేరు అన్నదాని కంటే, ఆ పేరు ముందు ఎవరు జవాబు చెబుతారు అన్నది ముఖ్యం. వెంకటేశ్వరుడి పేరు పెట్టుకున్న ఫ్యాక్టరీ అయినా వాగులోకి పైపు వదిలితే ఆ పేరు లేబులే.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. వాగుని పాడుచేసింది రసాయనాలు, పేర్లు కాదు. కావాల్సింది రూల్స్, ఇన్‌స్పెక్షన్, జరిమానా. పురాణం ఏం చేస్తుంది? నిజమే, ఒట్టు వేస్తే నీళ్లు శుభ్రపడవు. కానీ రూల్స్ లేక ఇదంతా జరగలేదు. శుద్ధి ప్లాంటు కట్టారు, పరిశోధకులు పట్టుకున్నది ఆ ప్లాంటు దాటి వచ్చిన నీళ్లనే. రూల్ పాటించామని ఫైల్‌లో రాయడానికీ, వాగు పక్కన ఉండేవాళ్ల ఎదురుగా నిలబడి చెప్పడానికీ మధ్య దూరం ఉంది. ఒట్టు పని ఆ దూరాన్ని తగ్గించడం. అందుకే ప్రమాణాలకి సాక్షి కావాలి.

స్వీడన్‌లో మాత్ర మింగే మనిషికి ఖాజీపల్లి ఎక్కడుందో తెలిసే దారి లేదు. దూరదేశపు శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పేరు రాసుకున్నది అక్కడి మందు చూసి కాదు, అక్కడి నీళ్లు చూసి. ఈ కాలానికి మందుల తయారీదారులు చేయాల్సిన ప్రమాణం నన్ను రాయమంటే ఆ నలుగురు గ్రీకు దేవతల్నీ తీసెయ్యను. వాళ్ల పక్కన ఇంకో నలుగురు సాక్షుల్ని పిలుస్తాను: పటాన్‌చెరు, ఖాజీపల్లి, నక్కవాగు, మంజీర. ఈ పేర్ల మీద ఒట్టేసి చెప్పగలిగినవాళ్లు తమ కంపెనీకి ఏ దేవత పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.