కొన్న పాతదనం

ఈమధ్య కొత్తగా కట్టుకుంటున్న ఇళ్లలో పాతదనానికి గిరాకీ పెరిగింది. ఏడో అంతస్తు ఫ్లాటులో ఉయ్యాల బల్ల, సోఫాల మధ్య చెక్క భోషాణం, హాలులో ఒక మూల ఇత్తడి గంగాళం కనిపిస్తున్నాయి. దీనికి రెట్రో అని పేరు పెట్టారు. అది అందమా కాదా అన్నది ఎవరి అభిరుచి వారిది. నన్ను ఆలోచింపజేసే ప్రశ్న వేరు. ఒకరి ఇంటి గతాన్ని మరొకరు డబ్బిచ్చి కొని తమ ఇంట్లో నిలబెట్టుకోవచ్చునా? కొన్నంత మాత్రాన ఆ గతం వారిదవుతుందా?

ఈ పని కొత్తదేమీ కాదు. మదురైలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆ తెలుగు ప్రభువు మనుమడు చొక్కనాథ నాయకుడే అందులోని కొయ్యపనినీ, విలువైన సామగ్రినీ విప్పించి తిరుచిరాపల్లికి తరలించాడు. ఇవాళ మనం చూస్తున్నది ఆనాటి భవనంలో నాలుగోవంతేనంటారు. మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు 1866-72 మధ్య మరమ్మతులు చేయించబట్టి ఆ మాత్రమైనా నిలిచింది. తాత సొత్తు మనుమడిదే కనుక దాన్ని దొంగతనం అనలేం. అయితే హక్కు ఉండటం వేరు, చేసిన పని సబబు కావటం వేరు.

మదురైకి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని కారైక్కుడిలో, మునీశ్వరన్ కోయిల్ వీధి పొడవునా పాత సామాను దుకాణాలున్నాయి. చెట్టినాడు మేడల నుంచి వచ్చిన ద్వారబంధాలు, బర్మా టేకు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు, ఎనామెల్ గిన్నెలు అక్కడ అమ్ముతారు. ఆ మేడలు కట్టిన డబ్బులో చాలా భాగం బర్మాలో చేసిన వడ్డీ వ్యాపారం నుంచి వచ్చింది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ వ్యాపారం చితికిపోయింది. ఆపైన ఒక్కొక్క మేడకు పదులకొద్దీ వారసులు. మరమ్మతుకు ఎవరూ డబ్బు పెట్టలేని స్థితి. చివరకు తలుపులు అమ్మకానికి వచ్చాయి.

అదే బర్మాలో రేవుల్లో, బియ్యం మిల్లుల్లో ఒళ్లు వంచి పనిచేసిన తెలుగు కూలీలూ ఉన్నారు. యానాం దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను కోరంగీలు అనేవారు. 1942లో అడవిదారులు పట్టి నడిచి వచ్చినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ నడిచి వచ్చినవారి దగ్గర అమ్ముకోవడానికి స్తంభాలు లేవు. గతం అందరికీ ఉంటుంది గానీ, బజారుకెక్కి ధర పలికేది కలిగినవారి గతమే.

కొనేవాడు లేకపోతే ఆ తలుపు పొయ్యిలోకి పోతుంది కదా అని కొందరంటారు. అది నిజమే. ఏళ్ల తరబడి బ్యాంకులో అప్పుల కాగితాలు చూస్తున్న నాకు అమ్మేవాడి అవసరం తెలుసు. కొనడాన్ని నేను తప్పు పట్టను. విలువ కట్టే తీరు మీదే నా అభ్యంతరం.

మా లెక్కల్లో గుడ్‌విల్ అనే పద్దు ఉంది. ఒక వ్యాపారం ఏళ్ల తరబడి సంపాదించుకున్న మంచిపేరుకు అది చెల్లు. ఆ పేరును ఇంకొకరి దగ్గర డబ్బిచ్చి కొంటే ఆస్తుల కింద రాస్తారు. సొంతంగా సంపాదించుకున్నదైతే పుస్తకాలకెక్కదు. దానికి రసీదు లేదు మరి. లెక్కలకు ఇది మంచి నియమమే. బతుకులోకి తెచ్చుకుంటే మాత్రం ప్రమాదం. వేలు పోసి పరాయివాళ్ల భోషాణం కొన్నవారే సొంత అమ్మమ్మ మరచెంబును తూకానికి వేస్తారు. ఆ చెంబుకూ రసీదు లేదు.

లెక్కల్లోదే మరో సంగతి. తరుగుదలను ఏటా మిగిలిన విలువ మీద శాతం చొప్పున తీసేసే పద్ధతిలో, ఎన్నేళ్లు గడిచినా విలువ పూర్తిగా సున్నా కాదు. వాడుకలో ఉన్న పాత వస్తువూ అంతే. పప్పు రుబ్బుతున్నంత కాలం రుబ్బురోలు రోలే. మొక్క నాటిన నాడు అది తొట్టి అవుతుంది. తొట్టి అయినా మేలే, చెత్తకుప్పలో పడటం కంటే. కానీ దాన్ని చూపించి సంప్రదాయాన్ని నిలబెట్టామనుకోవడం మాత్రం లేని ఆస్తిని లెక్కల్లో చూపడమే. చెట్టినాడు అందం కావాలనుకునేవారికి ఇంకో దారి ఉంది. ఆత్తంగుడిలో గాజు పలక మీద రంగు సిమెంటు పోసి, కాల్చే పని లేకుండా నీళ్లలో నానబెట్టి నేలపలకలు ఇప్పటికీ చేతితో తయారుచేస్తున్నారు. అవి కొంటే ఏ ఇల్లూ బోసిపోదు, పనివాడికి కూలీ దొరుకుతుంది.

బయటి రాష్ట్రాల్లో స్థిరపడ్డ మనకు ఈ ప్రశ్న సామానుతో ఆగదు. గుమ్మానికి తెలుగు అక్షరాల పేరుపలక, శుభలేఖకు ఒక వైపు తెలుగు. లోపల మాత్రం తెలుగు మాట వినపడని ఇళ్లు పెరుగుతున్నాయి. మరోవైపు హోసూరు, మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో ఒక్క తెలుగు అక్షరం రాకపోయినా తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటున్న కుటుంబాలున్నాయి. వాళ్ల యాసను అరవ తెలుగని నవ్వేవారిని విన్నాను. వాళ్ల పిల్లలు పుస్తకంలోని తెలుగును అరువు తెచ్చుకుని, నాయనమ్మ మాటకు సిగ్గుపడటమూ చూశాను. రసీదు లేని ఆస్తి ఇదే. ఆ నాయనమ్మ నోట్లో తెలుగు ఇంకా పిండి రుబ్బుతూనే ఉంది.

కనుక పాత వస్తువు కొనదలచినవారు కొనండి. అయితే దాని పేరేమిటో, అది ఏ పనికి వచ్చేదో, ఎవరింటి నుంచి వచ్చిందో ముందు తెలుసుకోండి. ఈ మూడూ మీ పిల్లలకు చెప్పగలిగితే, కొన్నదానికి కనీసం సాక్షులుగా ఉంటారు. అంతకంటే ముందు ఒకసారి సొంత అటక ఎక్కి చూడండి. అక్కడి సామాను పేర్లు తెలిసిన పెద్దావిడ ఇంట్లో ఉంటే అడిగి, ఆవిడ అన్న మాటను సరిదిద్దకుండా అన్నట్టే రాసుకోండి.