ముందే చెప్పగలగడం

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఆఫీసుల్లో కొత్తగా చేరే ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో ప్రొఫెషనలిజం లేదన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. దానికి మందుగా కాలేజీలు ఫైనలియర్‌లో సాఫ్ట్ స్కిల్స్ తరగతులు పెడతాయి: ఇంగ్లిష్ ఉచ్చారణ, టక్ చేసిన చొక్కా, ఇంటర్వ్యూలో కూర్చునే తీరు. ఇవన్నీ ఉద్యోగం వచ్చేదాకా పనికొస్తాయి. ఆ తర్వాత కావలసింది వేరు. ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకు ఇవ్వాలి. ఇవ్వలేనని తెలిస్తే ఆ సంగతి వెంటనే చెప్పాలి. కష్టమంతా ఈ రెండోదానిలోనే ఉంది.

ఇది పిల్లలకు చేతకాకపోవడానికి కారణం సోమరితనం కాదు, నాలుగేళ్ల అలవాటు. ల్యాబ్‌లో ప్రయోగం విఫలమైతే ఆ మాటే రికార్డులో రాసేవారు అరుదు. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు వేస్తే సంతకం పడిపోతుంది. జేఎన్‌టీయూహెచ్ నిబంధనల్లో 75 శాతం హాజరు తప్పనిసరి. 65 దాటినవారు తగిన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు పొందవచ్చు. ఆ కారణాన్ని ఎవరూ విచారించని చోట విద్యార్థి నేర్చుకునేది కాగితం సరిగా ఉంటే చాలని. 'నాకు రాలేదు' అంటే మార్కులు పోయే చోట చదివినవాడు ఆఫీసు స్టాండప్ మీటింగులో రోజూ 'అయిపోవస్తోంది' అనే అంటాడు. గడువునాడు నిజం బయటపడితే టెస్టింగ్ వాళ్లు రాత్రంతా మేలుకోవాలి.

కంపెనీలు మాత్రం మాట మీద నిలబడుతున్నాయా అని యువత అడుగుతుంది. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి 6.5 లక్షలకు ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను 3.5 లక్షలకే చేరతారా అని అడిగింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే ప్రొఫెషనలిజం కంపెనీకి చూపే విధేయత కాదు. ఇంకా మంచి ఉద్యోగం దొరికితే నోటీసు ఇచ్చి వెళ్లిపోవడంలో తప్పేమీ లేదు. మన బాధ్యత మన పని మీద ఆధారపడిన మనుషుల పట్ల. పక్క సీటు సహోద్యోగి, మనం తయారుచేసిన యాప్‌లో ఆస్పత్రి అపాయింట్‌మెంట్ తీసుకునే రోగి మన జీతం కోయలేదు. నిజం చెబితే అప్రైజల్‌లో దెబ్బ తగులుతుందన్న భయమూ నిరాధారం కాదు. అందుకే సగం బాధ్యత పైవాళ్లది. మొదటిసారి నిజం చెప్పినవాడిని టీమ్ లీడ్ అందరి ముందూ చిన్నబుచ్చితే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. కాలేజీలు కూడా నిజాయితీగా రాసిన విఫల ప్రయోగానికి మార్కులు వేయడం మొదలుపెట్టాలి. సాఫ్ట్ స్కిల్స్ తరగతులన్నిటికన్నా ఆ ఒక్క మార్పే ఎక్కువ మేలు చేస్తుంది.