గర్భస్రావం: ఆమెకు తోడుగా వెళ్ళటం పాపమా?

తిరుపతి, చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతాల్లో ప్రజలు ఉలమాలను ఎన్నో మస్అలాలు అడుగుతుంటారు. జకాతు గురించి, వారసత్వం గురించి మసీదులో నలుగురి ముందే అడుగుతారు. ఒక్క మస్అలా మాత్రం నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక గాని బయటికి రాదు. అది గర్భం తీయించుకోవటం గురించి. చాలాసార్లు దాన్ని అడిగేది ఆ స్త్రీ కాదు. ఆమె భర్తో, అన్నో, ఫోనులో ఆమె అక్కో అడుగుతారు. "హజ్రత్! మా చెల్లెలికి ఈ గర్భం ఉంచుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. నేను తోడుగా ఆసుపత్రికి వెళితే నాకూ గునాహ్ వస్తుందా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆ గర్భస్రావం ధర్మసమ్మతమేనా? ఆమెకు తోడ్పడటం ఏ కోవలోకి వస్తుంది? మంచిలో, దైవభీతిలో పరస్పరం సహకరించుకోమని, పాపంలో సహకరించుకోవద్దని మాయిదా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. కొందరు ఈ ఆదేశంలో రెండో సగాన్నే పట్టుకుని తలుపు వేసుకుంటారు. మరి మొదటి సగం ఎవరి కోసం? సోదరసోదరీమణులారా, కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

కడుపులోని ప్రాణం విలువ

మానవుడు తల్లి గర్భంలో వీర్యబిందువుగా, రక్తపు గడ్డగా, మాంసపు ముద్దగా దశలవారీగా రూపుదిద్దుకుంటాడని మోమినూన్ సూరా వివరిస్తోంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉంది. నలభయ్యేసి రోజుల మూడు దశల తర్వాత దైవదూత ఆత్మను ఊదుతాడని దాన్నిబట్టి ధర్మవేత్తలు గ్రహించారు. అంటే 120 రోజులు. ఆ తర్వాత గర్భం తీయించటం హరామ్ అన్న విషయంలో వారందరిదీ ఒకే మాట. తల్లి ప్రాణమే పోయే స్థితి వస్తే మాత్రం తల్లిని కాపాడాలని నేటి పండితులు అనేకులు అన్నారు. తల్లి మూలం, బిడ్డ ఆమె నుండి వచ్చే కొమ్మ. కొమ్మ కోసం మూలాన్ని పోగొట్టుకోరాదన్నది వారి తర్కం.

120 రోజుల లోపు విషయంలో అభిప్రాయభేదం ఉంది. మాలికీ పండితుల్లో అధికులు మొదటి నుండే వద్దన్నారు. మొదటి దశలోనే అది అపరాధమని, గర్భం పెరిగే కొద్దీ ఆ అపరాధం కూడా పెరుగుతుందని ఇమామ్ గజాలీ (రహ్మలై) అన్నారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మస్లక్‌లో కొంత వెసులుబాటు ఉంది. అయితే దానికి సరైన ఉజ్ర్, అంటే ధర్మం అంగీకరించే కారణం ఉండాలని 19వ శతాబ్దపు దమస్కసు పండితుడు ఇబ్నె ఆబిదీన్ షామీ వంటివారు స్పష్టం చేశారు. అటువంటి ఉజ్ర్‌కు హనఫీ గ్రంథాల్లో ఒక ఉదాహరణ కనిపిస్తుంది. ఒడిలో పాలు తాగే బిడ్డ ఉండగా తల్లి మళ్ళీ గర్భవతి అయింది. పాలు ఎండిపోయాయి. దాదిని పెట్టుకునే స్తోమత తండ్రికి లేదు. ఉన్న బిడ్డ దక్కడేమోనన్న భయం. ఆ పండితులు ఎంత బరువైన కారణాన్ని తూకంలో పెట్టారో గమనించండి.

మక్కాలోని రాబితా సంస్థకు చెందిన ఫిఖ్హ్ మండలి 1990లో ఒక తీర్మానం చేసింది. చికిత్సకు లొంగని తీవ్రమైన లోపం బిడ్డలో ఉందని నమ్మకస్తులైన వైద్యుల బృందం పరీక్షలతో తేల్చితే, 120 రోజుల లోపు తల్లిదండ్రుల కోరికపై గర్భం తీయించవచ్చని, ఆ గడువు దాటితే తల్లి ప్రాణాపాయంలో తప్ప అనుమతి లేదని ఆ తీర్మానం సారాంశం.

రోజుల లెక్కలో పొరపాటు

ఇక్కడ చాలా కుటుంబాలు తికమకపడతాయి. డాక్టర్లు వారాలను చివరి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కిస్తారు. షరీఅత్ చెప్పే 120 రోజులు గర్భం నిలిచినప్పటి నుండి. రెంటికీ సుమారు రెండు వారాల తేడా ఉంటుంది. అంటే డాక్టరు చీటీపై పంతొమ్మిది వారాలు అని ఉన్నప్పుడు 120 రోజులు నిండవస్తున్నాయన్న మాట. బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌ను సాధారణంగా పద్దెనిమిది వారాల తర్వాతే తీస్తారు. కాబట్టి రిపోర్టు చేతికి వచ్చాక 'పండుగ అయ్యాక చూద్దాం' అనుకుంటే ఫత్వా మారిపోతుంది. పదకొండు నుండి పద్నాలుగు వారాల మధ్య తీసే మొదటి స్కాన్‌ను వదలకుండా తీయించుకోవటం అందుకే ముఖ్యం.

మన రాయలసీమలో దగ్గరి బంధువుల మధ్య నికాహ్‌లు ఎక్కువ. షరీఅత్ వాటిని అనుమతించింది. కాని తలసీమియా వంటి వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న ఇళ్ళలో అది బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. నికాహ్‌కు ముందే వధూవరులిద్దరూ రక్తపరీక్ష చేయించుకుంటే ఆ తర్వాత ఇంతటి కఠిన నిర్ణయం ముందు నిలబడవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

తోడ్పాటు ఎప్పుడు, ఎలా?

ధర్మం అనుమతించిన స్థితిలో ఆమెకు తోడు వెళ్ళటం పాపం కాదు సరికదా, బంధువులపై ఉన్న బాధ్యత. అనుమతి ఉందో లేదో తెలియని స్థితిలో ఆమె తరఫున నమ్మకస్తుడైన ముఫ్తీని, నిపుణురాలైన డాక్టరును వెంటనే అడిగి తెలుసుకోవటమే తోడ్పాటు. దీనికి ఆమె పేరు చెప్పనవసరం లేదు.

ఇక ధర్మం అనుమతించని కారణాలున్నాయి. పేదరికానికి భయపడి సంతానాన్ని చంపవద్దని, వారికీ మీకూ ఉపాధినిచ్చేది తానేనని అల్లాహ్ ఇస్రా సూరాలో హెచ్చరించాడు. మనం ఈ ఆయతును పేదరాలికి వినిపించి ఇంటికి వెళ్ళిపోతాం. ఆ ఉపాధిలో కొంత భాగం అల్లాహ్ మన చేతుల మీదుగా పంపుతాడన్న సంగతి మరచిపోతాం. కాన్పు ఖర్చు, బాలింత ఆహారం, పెద్దపిల్లల బడి ఫీజు కోసం మహల్లా జకాతు నిధి ముందుకు రాకపోతే ఆమెను నిందించే హక్కు ఎవరికుంది? ఆడపిల్ల అని తీయించమనే అత్తమామలుంటే వారికి ఎదురు నిలవటమే తోడ్పాటు. సజీవంగా పూడ్చబడిన ఆడశిశువును ఏ నేరానికి చంపారని ప్రళయదినాన అడగటం జరుగుతుందని తక్వీర్ సూరా హెచ్చరిస్తోంది. లింగ నిర్ధారణ పరీక్షను దేశ చట్టం కూడా 1994లోనే నిషేధించింది.

ఆసుపత్రికి వెళ్ళేముందు

1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు. చట్టం చెప్పిన కారణాలున్నప్పుడు ఇరవై వారాల వరకు ఒక అర్హత గల డాక్టరు, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై నాలుగు వారాల వరకు ఇద్దరు డాక్టర్లు నిర్ణయిస్తారు. బిడ్డలో తీవ్రమైన లోపముంటే ఆ తర్వాత కూడా మెడికల్ బోర్డు పరిశీలిస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టం అడగదు. ఆమె వివరాలను బయటపెట్టటం నేరం. అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. చట్టం ఇచ్చిన ఇరవై నాలుగు వారాలు విశ్వాసికి గడువు కావు. మన గడువును షరీఅత్ నిర్ణయిస్తుంది.

భయపడి మందుల షాపులో చాటుగా మాత్రలు కొని మింగటం ప్రాణాల మీదికి తెస్తుంది. గర్భం గర్భసంచి బయట నిలిచి ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, లోపల రక్తస్రావమై తల్లి చనిపోవచ్చు. మాత్రలతో గర్భస్రావం తొమ్మిది వారాల వరకే, అదీ డాక్టరు పర్యవేక్షణలోనే చేయాలి. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. అక్కడి డాక్టర్లను ముందుగా సంప్రదించండి.

పాత స్కాన్ రిపోర్టులు, ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి. బ్లడ్ గ్రూపు తెలుసుకోవాలి. అది నెగెటివ్ అయితే ఇంజెక్షను అవసరమా అని డాక్టరును అడగాలి. ఆ రోజు ఆమెతో ఎవరుంటారు, ఇంట్లో పిల్లలను ఎవరు చూస్తారు, రాత్రివేళ ఇబ్బంది వస్తే వాహనం ఎక్కడిది అన్నది ముందే అనుకోవాలి. గంటకు రెండు ప్యాడ్లు తడిసేంత రక్తస్రావం వరుసగా రెండు గంటలు సాగినా, జ్వరం తగ్గకపోయినా, దుర్వాసన వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి.

ఆ తర్వాత

అవయవాలు ఏర్పడిన పిండమైతే హనఫీ మస్లక్ ప్రకారం ఆ తర్వాతి రక్తస్రావం నిఫాస్‌గా పరిగణించబడుతుంది. ఆ రోజుల నమాజు మాఫీ. ఆ పిండాన్ని కడిగి, గుడ్డలో చుట్టి పాతిపెట్టాలి. ప్రాణంతో పుట్టినట్లు ఏ సూచనా లేకపోతే జనాజా నమాజు లేదు. అవయవాలు ఏర్పడకముందు పోయినా గుడ్డలో చుట్టి పాతిపెట్టాలే గాని చెత్తలో వేయరాదు.

మరి తప్పుదారిలో గర్భం వచ్చిన అమ్మాయి సంగతేమిటి? జుహైనా తెగకు చెందిన ఒక స్త్రీ వ్యభిచారం వల్ల గర్భవతి అయి మహాప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి తన పాపాన్ని ఒప్పుకుంది. ఆ నేరానికి శిక్ష తర్వాతి మాట. ముందు ఆయన ఆమె సంరక్షకుణ్ణి పిలిపించి, కాన్పు అయ్యేవరకు ఆమెను మంచిగా చూసుకోమని ఆదేశించారని ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ కరుణలో పాపాన్ని సమర్థించటం లేదు. మన ఇళ్ళలో ఇటువంటి అమ్మాయికి మొదట దొరికేది దెబ్బలు, ఆ తర్వాత అర్హత లేని వైద్యుడి గది. ఈ రెండూ ఆ సున్నత్‌కు ఎంత దూరమో తల్లిదండ్రులే ఆలోచించాలి.

కనుక 'నాకూ గునాహ్ వస్తుందా' అని అడిగిన ఆ అక్కకు మేము చెప్పేదిది. అమ్మా! మొదట కారణం తెలుసుకో, రోజులు లెక్కపెట్టు, తెలిసినవారిని అడుగు. ధర్మం అనుమతిస్తే ఆమె చేయి పట్టుకుని వెళ్ళు. అనుమతించకపోతే ఆ గర్భాన్ని మోసే బరువులో సగం నువ్వు మోయి. ఆమె ఇప్పటికే ఆ పని చేసి నీరసంతో, పశ్చాత్తాపంతో పడుకుని ఉంటే వైద్యం చేయించు, తౌబా ద్వారం తెరిచే ఉందని చెప్పు, ఆమె రహస్యాన్ని దాచు. తోటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచినవారి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పి ఉంచుతాడని మహాప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు.

అల్లాహ్ మన ఇళ్ళలోని తల్లులను, వారి కడుపులోని అమానతులను కాపాడుగాక! కష్టంలో ఉన్న స్త్రీకి ఆసరాగా నిలిచే హృదయాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.