తిమింగలం తెలివి, మనిషి విలువ

2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి ఒక తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. తిమింగలాలలో స్పెర్మ్ వేల్ అనే జాతి మెదడు సుమారు 8 కిలోలు. మన మెదడు కిలోన్నర లోపే. ఆ జాతిలో ఒక్కో తెగకు ఒక్కో రకం టకటక శబ్దాలున్నాయి. పిల్లలు వాటిని పెద్దల దగ్గరే నేర్చుకుంటాయి.

ఇది విని మన విశ్వాసం కలవరపడనక్కరలేదు. గొర్రె తోడేలును చూసి పారిపోయేది దాని రంగు నచ్చక కాదు, శత్రువని గ్రహించి అని పునీత తోమా అక్వినాసు 13వ శతాబ్దంలోనే రాశారు. (మిర్యాలగూడ గొర్రెల కాపరులకు ఈ సంగతి ఒకరు చెప్పాలా!)

ప్రియ పాఠకులారా, చిక్కు మరోచోట ఉంది. తెలివిని బట్టే మనిషికి విలువ అంటే, బుద్ధి ఎదగని బిడ్డను ఎక్కడ నిలబెడతాం? వైకల్యాన్ని శాతాల్లో రాసిచ్చే ధ్రువపత్రం పింఛనుకు కావలసిందే. ఆ కాగితం చూసి తల్లి బిడ్డకు అన్నం పెట్టదు.