జ్వరము విడిచిన తరువాత

మన పల్లెలలో రోగికి రెండే స్థితులు. మంచముమీద ఉండవలెను, లేనియెడల పనిలో ఉండవలెను. ఈ రెంటి నడుమ చిక్కుకొనిన వానిని ఏమనవలెనో మనకు తెలియదు.

2006లో చికున్‌గున్యా మన రాయలసీమ పల్లెలను చుట్టివేసెను. తూర్పు ఆఫ్రికాలోని మకొండే ప్రజల భాషలో ఆ పేరునకు వంగిపోవునది అని అర్థమట. పెట్టినవారు రోగిని బాగుగా చూచినవారే. జ్వరము కొద్ది దినములలో దిగిపోయెను గాని కీళ్లనొప్పులు అనేకులను నెలల తరబడి విడువలేదు. ఆళ్లగడ్డ చేరువ పల్లెలో ఒక సహోదరి మూడు నెలలైనను కలుపునకు పోలేకపోయెను. రాత్రి నొప్పులకు నిద్ర లేదు, తెల్లవారితే ఇంటిలోనివారి సూటిపోటి మాటలు. “అయ్యగారూ, జరం పోయిందంటాండారు అందరూ. మరి నాకిట్లెందుకుంది?” అని నన్నడిగెను. “విశ్వాసముతో ప్రార్థించమ్మా, నిద్ర అదే వస్తుంది” అంటిని. ఆమె తలవంచుకొని వెళ్లిపోయెను. మరెన్నడును ఆ నొప్పి మాట నాయెదుట ఎత్తలేదు.

2021లో నాకు కోవిడ్ వచ్చెను. పది దినములకు జ్వరము పోయెను. పోయిన నిద్ర మాత్రము నాలుగు నెలలు తిరిగి రాలేదు. నంద్యాలలో నడిరాత్రి రైలు కూతలు లెక్కపెట్టుచు పడియుంటిని. ప్రార్థనకు కొదువ లేదు, నిద్రకే కొదువ. “చూచుటకు బాగానే ఉన్నారే” అని సంఘస్థులనినప్పుడు ఆ సహోదరి జ్ఞాపకము వచ్చెను.

ఆ యేడు అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని నిర్వచించెను: కోవిడ్ పట్టిన మూడు నెలలకు సాధారణముగా కనబడుచు, రెండు నెలలకు తక్కువ గాక నిలిచి, వేరొక రోగముచేత కలిగినవని చెప్పజాలని బాధలు. అలసట, ఆయాసము, మరపు, నిద్రలేమి వాటిలోనివి. రక్తపరీక్షలలో ఏమియు కనబడకపోవచ్చును. అట్టివారు మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి మ్రింగక, వైద్యునికి చూపించుకొనవలెను.

సోమరికి ఇది సాకు కాదా అని పెద్దలు అడుగుదురు. అగును. సోమరి మనలను మోసగించినయెడల పోవునది ఒక దినము కూలి. నిజముగా బాధపడువానిని అబద్ధికునిగా ఎంచినయెడల, అతడిక మనతో నిజము చెప్పడు.

ఏలీయా చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పండుకొనినప్పుడు దూత అతనికి ప్రసంగము చేయలేదు. రొట్టెయు నీళ్లును చూపి, మరల పండుకొననిచ్చెను. ప్రయాణము మాట రెండవసారి లేపినప్పుడే ఎత్తెను. సెమినరీలో ఈ భాగము చదివితిని, పరీక్షయు వ్రాసితిని.

2022లో ఆ పల్లెకు పోయి ఆమెయొద్ద నా తప్పు ఒప్పుకొంటిని. ఆమె మజ్జిగ ఇచ్చి, ఎదుట కూర్చుండి, “మీకెన్ని నెలలు నిద్ర పట్టలేదయ్యగారూ?” అని అడిగెను.