ఆరె, రంపె

మా ఊళ్లో 'ఐపీ పెట్టిండు' అన్నమాట షావుకార్ల గురించే వినేవాణ్ణి. మాదిగోడు ఐపీ పెట్టడమేంది? దివాలా తీయాలన్నా ముందు ఏదో ఒకటి ఉండాలె గదా అనుకునేటోణ్ణి. అది తప్పు. 1920 నాటి దివాలా చట్టం ప్రకారం అయిదు వందల రూపాయల అప్పున్న మనిషి గూడ కోర్టుకు పోవచ్చు.

మా నాయిన అప్పు అంతకన్న ఎక్కువే. 1997లో పటేలు మనుషుల్ని తీసుకొని వచ్చిండు. ఇత్తడి బిందె, గొంగడి, ఆఖరికి నాయిన ఆరె, రంపె గూడ మూటగట్టిన్రు.

"బిందె తీస్కపో పటేలా, ఆరె ఇడిసిపెట్టు. అది లేకుంటే నీ బాకీ ఎట్ల తీర్త?" అన్నడు నాయిన.

నేను గుంజ పట్టుకొని నిలబడ్డ.

టీచరైనంక తోటి పంతులు జీతం మీద కోర్టు జప్తు ఉత్తర్వు వచ్చింది. ఆయన కోసం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు అరవయ్యో సెక్షను చదివిన. అప్పులోడి బట్టలు, వంటపాత్రలు, పడక జప్తు చేయగూడదు. చేతివృత్తివాని పనిముట్లు ముట్టగూడదు. రైతు బతకడానికి కావలసిన ఎడ్లు, విత్తనాలు గూడ అంతే. పంతులు జీతంలో మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు భద్రం. దివాలా తీసినా వీటిని వదలాల్సిందే. కూలి, డబ్బైనా గింజలైనా, జప్తుకు రాదట! మా అమ్మ కూలి గింజల్ని ఏటా కల్లంలోనే బాకీ కింద కోసుకునేవాళ్లు. ఆ సెక్షను కోర్టు అమీనునే ఆపుతది. పటేలు ఏనాడూ అమీనును తేలేదు.

ఇదంతా రాయడానికి కారణం వేరే ఉంది. మూడేండ్ల కింద మా చిన్నాయన కొడుకు బిడ్డ ఫీజు కోసం నా దగ్గర ఇరవై వేలు తీసుకొని, తన కుట్టుమిషను మా ఇంట్లో పెట్టిండు. "ఉండనీ అన్నా, బాకీ తీర్చి తీస్కపోత" అన్నడు. నేను అడగలేదు. వద్దనీ అనలేదు. వడ్డీ తీసుకోవట్లేదు గదా అని సమాధానపడ్డ. 2016 నాటి కొత్త దివాలా చట్టం మామూలు మనుషులకు ఇంకా పూర్తిగా అమలుకు రాలేదు గాని, అందులోనూ పనిముట్లకు మినహాయింపు ఉంది. తాకట్టులో లేని వాటికి మాత్రమే. ఆ లెక్కన నా తప్పేం లేదు. నాయిన దగ్గర గుంజుకున్నరు, వీడు తనంతట తెచ్చిచ్చిండు. ఈ తేడా ఎంతో ఇప్పటికీ నాకు తేలలేదు. వాడు పట్నంలో ఇంకొకరి మిషను మీద కూలికి కుడుతున్నడు.

మొన్న నాయిన వచ్చి మిషను మీద దుప్పటి ఎత్తి చూసిండు. "ఎవరిదిరా?" అన్నడు. చెప్పిన. ఏమనకుండా మళ్లీ కప్పిండు.

ఆదివారానికి ఆటో మాట్లాడిన. మిషను పంపుతా. డబ్బు మాటే ఎట్లా అనాలో తెలుస్తలేదు. మాఫీ అంటే వాడు చిన్నబోతడు.